ఆకు పంచినట్టు పంచుకున్న ఇంగ్లీషు

ఇంగ్లీషు క్రియలతో నాకెప్పుడూ పేచీ లేదు. గో అంటే వెళ్ళు, పుట్ అంటే పెట్టు, గివ్ అంటే ఇవ్వు. ఇవి మంచివి, చెప్పిన మాట వింటాయి. నా పేచీ అంతా వాటి వెనకాల తిరిగే చిన్న మాటలతోనే. ఇన్, ఆన్, అప్, ఆఫ్, ఔట్, డౌన్. విడిగా చూస్తే నలుసంత ఉంటాయి. క్రియ పక్కన చేరాయంటే దాని గుణమే మార్చేస్తాయి. గివ్ పక్కన అప్ చేరితే ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వరు, చేస్తున్న పని మానుకుంటారు. పుట్ పక్కన ఆఫ్ చేరితే ఎక్కడా ఏదీ పెట్టరు, పనిని రేపటికి వాయిదా వేస్తారు. అదే పుట్ పక్కన ఔట్ చేరితే దీపం ఆర్పుతారు. పెట్టడానికీ దీపం ఆర్పడానికీ ఏం సంబంధమని అడిగితే మా బాయి, "ఉంది, నేర్చుకో" అనేవారు. సోలాపూర్‌లో బడిపంతులమ్మను ఎవరైనా బాయి అనే పిలుస్తారు. మా ఇంగ్లీషు బాయి మరాఠీ ఆవిడ. నవ్వడం ఆవిడ పాఠ్యప్రణాళికలో లేదు.

ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు ఎనిమిదో తరగతిలో గానీ మొదలయ్యేది కాదు. అప్పటికే ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, మగ్గాల షెడ్లలో హిందీ నోట్లో ఇరుక్కుని ఉన్నాయి. నాలుగో భాషకు చోటు తక్కువ. మెట్రిక్ పరీక్షలో లెక్కలు, చరిత్ర, మరాఠీ అన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషు ఒక్కటే ముంచింది.

మా నాన్న చద్దర్లు నేసేవాడు. మగ్గం చప్పుడులో మాట ఎటూ వినపడదు కాబట్టి మాట్లాడే అలవాటు పోయింది. ఫలితం తెలిసిన రోజు రొట్టె తింటూ తీర్పు చెప్పాడు.

"అక్టోబర్ల ఇంకోపారి రాయి. పాసయితె శాలల కొల్వు చేస్కో. నాపాస్ అయితె మీ అమ్మ పక్కపొంటి కూసొని బీడీలు చుట్టు. మళ్ళ మళ్ళ నన్ను అడగొద్దు."

కొలువంటే మున్సిపాలిటీ తెలుగు బడిలో చిన్న తరగతులకు చెప్పే పని. మెట్రిక్ పాసైన ఆడపిల్ల దొరికితే తీసుకుంటానని అక్కడి హెడ్మాస్టరు నాన్నతో అన్నాడు. నాకు ఆ పని కావాలి. పిల్లలకు విద్యాదానం చేయాలన్న ఆశయమేదీ లేదు. బీడీలు చుట్టడం ఇష్టం లేదు, అంతే. పొద్దున్నుంచి ఒళ్ళో చాట పెట్టుకుని, నడుము వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి, మళ్ళీ ఆకు తీసుకోవాలి. మా అమ్మ పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఇదే చేస్తోంది. ఆమె పక్కన నా చోటు అప్పటికే సిద్ధంగా ఉంది. 

మా వాకిట్లో నలుగురు కూర్చునేవారు. అమ్మ, మా ఇంట్లోనే ఉండే మేనత్త, పక్కింటి అవ్వ, ఎదురింటి వదిన. వదిన అంటే చుట్టరికం ఏమీ లేదు, వయసును బట్టి పిలుపు. అందరివీ కరీంనగర్ వైపు నుంచి మగ్గం వెంట వచ్చిన కుటుంబాలే. మధ్యాహ్నం వీళ్ళు బీడీలు చుడుతుంటే నేను గుమ్మంలో కూర్చుని గట్టిగా వల్లె వేసేదాన్ని. గెట్ అప్, గెట్ ఇన్, గెట్ ఆన్, గెట్ ఆఫ్, గెట్ ఓవర్, గెట్ అలాంగ్. ముందు ఓర్చుకున్నారు. కొన్నాళ్ళకు అత్త చేతిలో కత్తెర కింద పెట్టింది.

"ఏందే పోరి, గెట్ గెట్ అని గేటు కాడ కుక్క లెక్క. గిదేం అభ్యాసమే! తల్కాయ పల్గుతున్నది."

"ఏం చెయ్యాలె అత్తా? ఒక్కటి యాదికుంటె ఇంకోటి ఉంటలేదు."

"అన్ని ఒక్కదానివే మోస్తె గట్లనే ఉంటది. మాకు ఒక్కొక్కటి ఇయ్యి. మేం పట్టుకుంటం. నువ్వు పెద్ద మాట అను, మేం మా మాట అంటం. రెండు కలిపి నువ్వు చెప్పు."

ఈ ఆలోచన ఆమెకు ఊరికే రాలేదు. మా వాకిట్లో ఒక కట్టుబాటు ఉండేది. కార్ఖానాలో ఇచ్చే ఆకు ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి చిరుగులు, మచ్చలు. ఎవరి కట్టలో ఏం వస్తుందో వారి అదృష్టం. చిరుగుల ఆకుతో చుట్టిన బీడీలను కార్ఖానాలో సరిచూసే చెకర్ వెనక్కి విసిరేస్తాడు. అందుకని మావాళ్ళు అందరి ఆకూ గోనె మీద కుమ్మరించి, మంచిదీ చెడ్డదీ కలిపి, సమంగా పంచుకునేవారు. ఒకరికి మంచిదంతా పోయి ఒకరికి చెత్త మిగలడం అనేది మా వాకిట్లో లేదు. ఇంగ్లీషునూ అలాగే పంచుకుందామని అత్త ఉద్దేశం.

పంపకం జరిగింది. వాడలో పిల్లలు చెక్కతో క్రికెట్ ఆడుతూ అరిచే ఔట్ అత్తకు ముందే తెలుసు కాబట్టి అది తీసుకుంది. అవ్వ ఆఫ్ తీసుకుంది, పళ్ళు లేని నోటికి సులువని. వదినకు డౌన్ వచ్చింది.

"అంటె ఏంది?" అంది వదిన.

"కిందికి."

"నాకేనా కిందికి వచ్చేది?" అంది గానీ తీసుకుంది.

అమ్మ మాత్రం వద్దంది. "నాకు లెక్క తప్పుతది" అంది. కట్టకు ఎన్ని బీడీలో పెదవులు కదలకుండా లెక్కపెట్టుకునే అలవాటు ఆమెది. చెకర్ ఇంతవరకు ఆమె బీడీ ఒక్కటి కూడా వెనక్కి వేయలేదు. కార్ఖానాలో ఈ సంగతి అందరికీ తెలుసు. అమ్మ ఎప్పుడూ ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ, ఎవరైనా చెబుతుంటే ఆపేదీ కాదు.

మొదటి వారం బ్రహ్మాండంగా నడిచింది. నేను పుట్ అంటాను. ఔట్ అంటుంది అత్త, అంటే ఆర్పడం. ఆఫ్ అంటుంది అవ్వ, వాయిదా వేయడం. డౌన్ అంటుంది వదిన, కింద పెట్టడం. నేను కట్ అంటాను. ముగ్గురికీ పని దొరికింది. టేక్ అన్నాను, దొరికింది. టర్న్ అన్నాను, బ్రేక్ అన్నాను, మళ్ళీ ముగ్గురికీ దొరికింది. ఏ క్రియ పిలిచినా ముగ్గురూ పనిలో ఉన్నారు. ఇంగ్లీషువాళ్ళు కూడా మాలాగే సమంగా పంచుకునే మనుషులని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

సాయంత్రం చాటలు దులిపేటప్పుడు కొత్త ముచ్చట మొదలైంది. "ఇయ్యాల నాది మస్తు వచ్చింది" అని అత్త అనేది. "నాదేమన్న తక్కువనా" అని అవ్వ. వదిన ఏమీ అనేది కాదు గానీ, డౌన్ రాకుండా నేను ముందుకు పోతే చుట్టడం ఆపి నా వైపు చూసేది. ఆ చూపు తట్టుకోవడం కష్టం. అందుకని కొత్త క్రియ ఏది వచ్చినా నేను ముగ్గురినీ పిలిచేదాన్ని. పుస్తకంలో చూసుకోవాల్సిన అవసరం కనిపించలేదు. ఒకరి చాట నిండుగా, ఒకరిది ఖాళీగా ఉంటే మా ఇంట్లో అన్నం సయించదు.

పరీక్షకు ముందు బాయి ఒక శనివారం నన్ను హైస్కూలుకు పిలిపించి కాగితం ఇచ్చారు. కొన్ని క్రియలు ఇచ్చి, సరైన చిన్న మాట చేర్చి వాక్యాలు రాయమన్నారు. ఇంత సులువైన పరీక్ష ఉంటుందా అనుకున్నాను. మొదటిది డిపెండ్, ఆధారపడడం. అత్త పెద్దది కాబట్టి ఆమెకు ఇచ్చాను. నేను మా నాన్న మీద ఆధారపడ్డాను అనడానికి 'ఐ డిపెండ్ ఔట్ మై ఫాదర్' అని రాశాను. రెండోది వెయిట్. బస్సు కోసం ఎదురుచూడడం అవ్వ వాటాకు వచ్చింది, 'ఐ వెయిట్ ఆఫ్ ది బస్'. మూడోది లిజన్. రేడియో వినడం వదినకు ఇచ్చాను, 'ఐ లిజన్ డౌన్ ది రేడియో'. మళ్ళీ అత్త, మళ్ళీ అవ్వ, మళ్ళీ వదిన. కాగితం చివరికి వచ్చేసరికి ముగ్గురికీ సరిసమానంగా వచ్చాయో లేదో ఒకసారి సరిచూసుకుని ఇచ్చాను.

బాయి చదివారు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చదివారు.

"ఇది ఇంగ్లీషా, రేషన్ దుకాణమా?" అని మరాఠీలో అడిగారు. "మూడే మాటలు. వరసగా. ఒకదాని తర్వాత ఒకటి. డిపెండ్‌కు ఆన్, వెయిట్‌కు ఫర్, లిజన్‌కు టు. అవి ఏమయ్యాయి?"

అవి మా వాకిట్లో ఎవరి దగ్గరా లేవని చెప్పాను. వాకిలి సంగతి, ఆకు సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. ఆవిడ చివరిదాకా విన్నారు.

"క్రియ తనకు కావలసినదాన్నే పిలుచుకుంటుంది. కొన్ని చిన్న మాటలకు పది క్రియలు పని ఇస్తాయి, కొన్నింటికి రెండే. ఎవరికి తక్కువ వచ్చిందని ఇంగ్లీషు బాధపడదు. నువ్వు ఇలాగే రాస్తే అక్టోబరులో కూడా తప్పుతావు" అన్నారు.

బడి నుంచి కొంతం చౌక్ మీదుగా ఇంటికి నడిచాను. దారి పొడవునా నాకు ఒకటే కనిపించింది, అమ్మ పక్కన ఆ చోటు. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం తెచ్చి వాకిట్లో కుమ్మరించాను. మీ వల్లే నాపాస్ అయ్యేట్టున్నానని అన్నాను. ఇంగ్లీషులో సమపంపకం లేదని, డిపెండ్‌కు ఔట్ అక్కర్లేదని చెప్పాను.

అత్త మొహం ఎర్రబడింది. "అక్కర లేదా? ఇన్నొద్దులు పని చేయించుకొని ఇప్పుడు అక్కర లేదంటవా? మాకేం షోకా నీ ఇంగ్లీషు?"

"నా ఆఫ్‌ల ఏం ఐబు ఉన్నదట?" అంది అవ్వ.

వదిన నెమ్మదిగా, "కాగితంల నా దానికి ఎన్ని దొరికినయి?" అని అడిగింది. సిట్ డౌన్ ఉందన్నాను. "బస్, గదొక్కటి ఉన్నా చాలు" అని మళ్ళీ ఆకు తీసుకుంది. మిగతా ఇద్దరూ ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను పుస్తకం తెచ్చుకుని కూర్చుంటే ఎవరి మాట వాళ్ళు పలకలేదు. కత్తెరల చప్పుడు తప్ప వాకిట్లో ఇంకేమీ లేదు.

అప్పుడు అమ్మ తలెత్తకుండా అంది.

"పోరీ, ఇటు రా. అన్ని నాకియ్యి."

"అన్ని అంటె?"

"ఎన్నున్నయో అన్ని. మీదికి, కిందికి, లోపటికి, బయటికి. పంచుడు గించుడు వద్దు. నాకు నోటికి ఏది వస్తె అది అంట. దానికి తగ్గ పెద్ద మాట నువ్వు ఎత్కో."

"నీకు లెక్క తప్పుతది కద?"

"తప్పితె నేను చూస్కుంట. నువ్వు కూసో."

చదువు రాని మనిషి. ఆ చిన్న మాటలన్నీ రెండు రోజుల్లో నోటికి పట్టించుకుంది. వరస లేదు, వంతు లేదు. ఆన్ అనేది. నేను డిపెండ్ ఆన్ అని వాక్యం చెప్పాలి. మళ్ళీ ఆన్ అనేది. పుట్ ఆన్, తొడుక్కోవడం. మళ్ళీ ఆన్. క్యారీ ఆన్, సాగించడం. నా దగ్గర అయిపోయేదాకా వదిలేది కాదు. ఆఫ్టర్ అంటే లుక్ ఆఫ్టర్ అనేదాన్ని, చూసుకోవడం. తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. నేను తడబడితే మాత్రం తెలిసిపోయేది. "నిన్న గట్ల చెప్పలే" అనేది. నేను పుస్తకం తీసి చూస్తే నిన్నటిదే సరైనది అయ్యేది.

ఒకరోజు, "రెండు కలిపి ఇస్తున్న. అప్, విత్" అంది.

"పుట్ అప్ విత్" అన్నాను.

"అంటె?"

"ఓర్చుకునుడు."

"ఒక్క ఓర్చుకునుటానికి మూడు మాటలా?"

అలిగి వారం నుంచి మూతి బిగించుకున్న అవ్వ ఉండబట్టలేక నోరు తెరిచింది. "ఓర్చుకునుడు ఒక్క మాటతోని అయ్యే పనా ఏంది?" అంది. అత్త నవ్వింది. అలక అక్కడితో తీరింది గానీ, పంపకం మళ్ళీ ఎవరూ అడగలేదు. పని అమ్మ చేతిలోనే ఉండిపోయింది.

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ చిన్న మాటల్లో అంత వింత ఏముందా అనిపిస్తుంది. కుండ పగిలిపోయింది అంటాం, కుండ ఎక్కడికీ పోదు. చదివి పెట్టు అంటాం, చదివాక ఎక్కడా ఏమీ పెట్టరు. మన క్రియల వెనక కూడా ఇలాంటివి చేరి వాటి గుణం మారుస్తూనే ఉంటాయి. మనం వాటితో పుట్టాం కాబట్టి పట్టించుకోం. ఈ మాట ఆ రోజుల్లో ఎవరైనా నాకు చెప్పి ఉంటే ఇంగ్లీషును అంత తిట్టి ఉండేదాన్ని కాదు.

పరీక్ష దగ్గరపడ్డాక ఒక సాయంత్రం అమ్మ కార్ఖానా నుంచి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కాళ్ళు కడుక్కుని లోపలికి పోయింది. అత్త నన్ను పక్కకు పిలిచింది.

"మీ అమ్మ బీడీలు చెకర్ వాపస్ ఏసిండు. ఒక్క కట్ట కాదు. లెక్క తప్పినయి, కొసలు సరిగ్గ మడవలే. అందరి ముంగట అన్నడు, ఏందమ్మా నువ్వు గూడనా అని."

 మర్నాడు వాకిట్లోకి పుస్తకం పట్టుకెళ్ళలేదు. ఇంక నేనే చదువుకుంటానని అమ్మతో అన్నాను.

"ఎందుకు?"

"నాకు వచ్చేసింది."

"వస్తె ఇంకోపారి చెప్పు. ఓవర్."

"అమ్మా, నీ బీడీలు..."

"నా బీడీల ముచ్చట నిన్ను అడిగిన్నా? ఓవర్."

గెట్ ఓవర్ అన్నాను. కోలుకోవడం అని చెప్పాను. ఆమె తలూపి ఇంకో ఆకు తీసుకుంది. పరీక్ష రోజు దాకా ఒక్క మధ్యాహ్నం కూడా మానలేదు. ఆ నెలంతా ఆమె బీడీలు వెనక్కి వస్తూనే ఉన్నాయి. 

అక్టోబరు పరీక్షలో పుట్ అప్ విత్ వచ్చింది. సొంత వాక్యంలో వాడమన్నారు. 'మై మదర్ పుట్స్ అప్ విత్ ఇంగ్లీష్' అని రాశాను. పరీక్ష దిద్దినవారు దాన్ని ఏమనుకున్నారో తెలియదు. మిగతావి ఎవరి వాటా అని చూడకుండా, క్రియ పిలిచినదాన్నే రాశాను. కొన్ని మాటలకు అసలు పనే దొరకలేదు. వాటి మీద నాకు జాలి కలిగిన మాట నిజం. కానీ ఒక్కదాన్నీ అనవసరంగా ఇరికించలేదు.

చలికాలంలో ఫలితం వచ్చింది. హైస్కూలు గోడ మీద నంబరు చూసుకుని, టాంగాలకు అడ్డం పడుతూ ఇంటికి వచ్చాను. పాసయిన అన్నాను. అత్త చాట పక్కన పెట్టి నన్ను పట్టుకుని, మొదటి మాటే, "ఔట్ వచ్చిందానే పరీక్షల?" అంది. వచ్చిందన్నాను. అది నిజమే. అవ్వకు, వదినకు కూడా వచ్చిందన్నాను. వదిన విషయంలో అది అబద్ధం. అయినా ఆవిడ ఆ పూటంతా హుషారుగా చుట్టింది. నాన్న "బరం" అని, మరాఠీలో సరే అన్నట్టు, మగ్గం దగ్గరికి వెళ్ళాడు. అమ్మ నా మొహం కేసి ఒకసారి చూసింది.  చేతిలో ఉన్న బీడీ పూర్తి చేసి కట్టలో పెట్టింది.

బడిలో చేరిన మొదటి రోజు ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని వెళ్ళాను. పిల్లలు ఒక్కరూ నా మాట వినలేదు. గొంతు పోయేలా అరిచి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఇంకా పని సాగుతోంది. చేతిసంచి గుమ్మంలో పెట్టి, చీర మోకాళ్ళ దగ్గరికి లాక్కుని, అమ్మ పక్కన కూలబడ్డాను. ఆ రోజు సంగతులు ఆమెకు చెప్పాలనిపించింది. చెబుతూ చెబుతూ ఊరికే ఉండలేక గోనె మీంచి ఒక ఆకు తీసి కత్తెర అందుకున్నాను. నా ఇష్టంతో ఆకు ముట్టుకోవడం బహుశా అదే మొదలు.

అమ్మ నా చేతిలోంచి ఆకు తీసేసుకుంది. కత్తెర కూడా తీసుకుంది. కోపంగా కాదు, జాగ్రత్తగా. పక్కకు జరిగి నా చీర కొంగుకు అంటిన తంబాకు పొడి రెండు వేళ్ళతో దులిపింది.

"లెవ్వుండ్రి బాయీ" అంది. "ఇక్కడ కూసోవద్దు. లోపట కుర్చీ ఏపిచ్చిన."

తమాషాకు అన్నదనుకుని నవ్వబోయి ఆమె మొహం చూశాను. తమాషా కాదు. అత్త, అవ్వ, వదిన తలలు వంచుకుని చుట్టుకుంటున్నారు. లోపల నిజంగానే కుర్చీ ఉంది, ఎవరింటి నుంచి అడిగి తెచ్చారో. ఆ వాకిట్లోంచి లేవడానికే కదా నేను అంత చదివింది. లేచాను. లోపలికి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, ఎవరికీ వినపడకుండా చాలాసేపు ఏడ్చాను. అమ్మ ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు బతికింది. నన్ను మళ్ళీ ఒక్కసారి కూడా పోరీ అని పిలవలేదు.